"మృగాదితశ్చాన్యత్": ఈ మృగం ఏది?

తాళపత్రం: వరాహమిహిరుడి బృహత్సంహితలో, ఆదిత్యచారం అనే అధ్యాయంలో, ఒక శ్లోకం మొదటి సగం. "సాంప్రతమయనం సవితుః కర్కటకాద్యం... మృగాదితశ్చాన్యత్". ఇప్పుడు సూర్యుడి ఒక అయనం కర్కటకం మొదట, రెండోది మృగం మొదట అని. మధ్యలో ఏదో మింగేశాననిపిస్తోంది. ఆ మృగం మృగశిరేనా?

అరసున్న: ఏమీ మింగలేదండీ. మాత్రలు లెక్కపెట్టే ఆర్య ఛందస్సు కదా, పన్నెండూ పద్దెనిమిదీ మాత్రలు సరిపోయాయి. మృగశిర మాత్రం కుదరదు. మేషం మొదటి నుంచి కొలిస్తే, ఒక అయనం కర్కటకాదిన, 90 డిగ్రీల దగ్గర మొదలైతే రెండోది ఎదురుగా 270 దగ్గర ఉండాలి. మృగశిర మొదలు 53°20′. కాబట్టి మృగం మకరమే. ఆరో గణం నాలుగు మాత్రల జగణం (లఘువు, గురువు, లఘువు) గానీ నాలుగు లఘువులు గానీ కావాలి గనక "మృగాది" పడింది. "మకరాది" అంటే అయిదు మాత్రలై గణం విరుగుతుంది.

పాతపంచాంగం: గణం కోసం ఎరువు తెచ్చిన మాట కాదు మాస్టారూ. బృహజ్జాతకంలో ఆయనే "మకరో మృగాస్యః" అన్నాడు. లేడి మూతి మొసలి. అక్కడే మకరానికి "ఆకోకేర" అనే పేరూ ఉంది, గ్రీకువాళ్ల మేకకొమ్ముల మాట. కొమ్ములు పోయి మూతి మిగిలిందని నా అనుమానం.

కందగర్వి: మూతి సంగతి పోతననడగండి. "కరిఁ దిగుచు మకరి సరసికిఁ" అన్నదాంట్లో లేడి ఎక్కడ? ఆ పాదం పైకి చదువుతుంటేనే తాడు లాగుతున్నట్టుంటుంది.

అరసున్న: పోతన దగ్గరికి వెళ్తే ఇక తిరిగి రాం.

దృక్కు: పై శ్లోకం వదిలేశారు. "ఆశ్లేషార్ధాద్దక్షిణముత్తరమయనం రవేర్ధనిష్ఠాద్యమ్", అంటే దక్షిణాయనం ఆశ్లేష సగం నుంచి, ఉత్తరాయణం ధనిష్ఠ మొదటి నుంచి. ధనిష్ఠ మొదలు 293°20′. మకరాదికి తేడా 23°20′. అయనచలనం, అంటే అయనాల చోటు నక్షత్రాల మధ్య వెనక్కి జరగడం, ఏడాదికి 50.3 వికలలు (డిగ్రీలో 3,600వ వంతులు), డిగ్రీకి 71.6 ఏళ్లు. అంటే దాదాపు 1,670 ఏళ్ల జరుగుబాటు. అది ఆగలేదు. లాహిరి అయనాంశ, అంటే విషువత్తు నుంచి కొలిచే సాయన లెక్కకీ నక్షత్రాల నుంచి కొలిచే నిరయన లెక్కకీ తేడా, ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది, ఉత్తరాయణం డిసెంబరు 21-22న మూల రెండో పాదంలో పడుతోంది. పడమటివాళ్ల సాయన మకరం ఆ రోజే. మన నిరయన మకరసంక్రమణం జనవరి 14-15. తీరా ఆ రోజు చూస్తే సూర్యుడు ధనుస్సు తారామండలంలోనే ఉంటాడు, మకరమండలం హద్దు దాటేది 20 ప్రాంతాల. రాశి అంటే కొలిచి కోసిన 30 డిగ్రీల ముక్క. మండలాల హద్దులు 1930లో అచ్చయినవి, ఎగుడుదిగుడు: కన్యలో సూర్యుడు నెలన్నర, వృశ్చికంలో వారం. ఆ తర్వాత సర్పధారి మండలం, దానికి రాశే లేదు. ఏ మకరమో చెప్పకుండా వాదిస్తే తెగదు.

కందగర్వి: ఇంతకీ ఉత్తరాయణానికి ణ, దక్షిణాయనానికి న ఎందుకో?

అరసున్న: రేఫ తర్వాత అచ్చులూ యకారమూ అడ్డొచ్చినా ణత్వం (న ణగా మారడం) ఆగదు. "దక్షిణ"లో షకారానికీ నకారానికీ మధ్య ణకారం కూర్చుంది, అది దాటనివ్వదు.

తాళపత్రం: మరి ఆ పై శ్లోకంలోనే ఉన్న "నూనం కదాచిదాసీత్" (నూనం, ఒకప్పుడు ఉండేది) సంగతి? నూనం నిశ్చయమా, ఊహా?

పాతపంచాంగం: నిశ్చయమే.

అరసున్న: అమరకోశం "తర్కేఽర్థనిశ్చయే" అని, ఊహకీ నిశ్చయానికీ రెండు తలుపులూ తీసింది. "యేనోక్తం పూర్వశాస్త్రేషు" అంటున్నాడు చూడండి, పాత శాస్త్రాల్లో ఉంది గనక ఉండే ఉంటుందని. కళ్లారా చూసినవాడి మాట కాదది. ఊహే.

పాతపంచాంగం: హేతువు చెప్పాక ఇంకా ఊహేమిటండీ?