షుగర్ ఉన్నవాళ్లకు రాగి సంగటి ఎంతైనా పెట్టొచ్చా?

ఆదోని కోడలు:
మా మామకు చాలా ఏళ్లుగా షుగర్. అన్నం మానేసి రెండు పూటలా రాగి సంగటే తింటున్నారు. "సంగటి తింటే షుగర్ పెరగదు, ఎంత తిన్నా ఏం కాదు" అంటారు. రాత్రి పెద్ద పెద్ద ముద్దలు రెండు లాగిస్తారు. రెండు గంటల తర్వాత మీటర్‌లో 260 చూపిస్తోంది. తగ్గిద్దామంటే మా అత్తకు కోపం: "సంగటి కూడా వద్దంటే మనిషి ఏం తిని బతకాల?" మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

కళ్యాణదుర్గం రైతు:
మీ అత్త మాటే నా మాట అక్కా. మా అవ్వాతాతలు సంగటి మీదే బతికారు, షుగర్ అన్న పేరే ఎరగరు. సన్నబియ్యం ఇంటింటికీ వచ్చాకే ఈ తిప్పలు. పాలిష్ పట్టిన అన్నాన్ని వదిలేసి రాగుల మీద పడతారేం?

కడప వంటిల్లు:
రాగులు మంచివే అన్నా, కాదనను. 100 గ్రాముల రాగిపిండిలో పీచు 11 గ్రాముల దాకా, కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటాయి. బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. కానీ అదే 100 గ్రాముల్లో పిండిపదార్థం 70 గ్రాముల దగ్గర ఉంటుంది. బియ్యంలో 78. తేడా అంతే. షుగర్‌ను పెంచేది ఆ పిండిపదార్థమే. పైగా మన సంగటిలో ఉండేది వట్టి రాగిపిండి కాదు కదా! చాలా ఇళ్లలో బియ్యం, పిండి సమానంగా పోస్తారు. పిండి ఎంత మెత్తగా ఉంటే అంత తొందరగా అరుగుతుంది. మీ తాత సంగటి తిని పొద్దుగూకే దాకా చేన్లో పని చేశాడు. మనం తిని మంచమెక్కుతున్నాం.

మా అమ్మకు ఇలా చేస్తాను. బియ్యం బాగా తగ్గించి ఆ చోట కొర్రనూక వేస్తాను. పిండి కాస్త బరకగా పట్టిస్తాను. నూక మెత్తగా ఉడికాక పిండి కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో బొక్క పెట్టి, మూతేసి, సన్న సెగ మీద పది నిమిషాలు వదలాలి. ఇక్కడ తొందరపడితే పచ్చివాసన పోదు. తర్వాత ఉండలు లేకుండా గెలికి, తడి చేత్తో గుప్పెడంత ముద్ద చేయాలి. ఒక్కటే. పళ్లెంలో సగం కూరలే ఉండాలి: పుంటికూర పప్పు, గురుగాకు, బెండకాయ, ఏదైనా సరే. ముందు కూర, పప్పు కొంత తిన్నాకే ముద్ద తుంచాలి. నాటుకోడి పులుసు చేసిన రోజు ముక్కలు ఇంకో రెండు వేస్తాను, ముద్ద మాత్రం అంతే. ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) లేనిదే మా అమ్మకు సంగటి దిగదు, అందుకే అదీ ఉంటుంది. చెనిక్కాయల్లో నూనె ఎక్కువ కాబట్టి ఒక స్పూనే.

కళ్యాణదుర్గం రైతు:
బియ్యం తగ్గిస్తే ముద్ద నిలవదమ్మా, విరిగిపోతుంది. ఒక్క ముద్దతో అర్ధరాత్రి కడుపు కాలితే?

కడప వంటిల్లు:
కర్ణాటకలో వట్టి రాగిపిండితోనే ముద్ద కడతారు కదన్నా, నిలవకేం? బాగా గెలకాలి, అంతే. ఆకలేస్తే పప్పు ఇంకో గరిటె, లేదంటే సాయంత్రం గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు.

కర్నూలు ల్యాబ్:
నేను రోజూ రక్తపరీక్షలు చేసేవాణ్ని, ఒక మాట చెప్పాలి. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు సంగటి ఉన్నట్టుండి సగానికి తగ్గించకూడదు. ముందు డాక్టర్‌తో మాట్లాడి మందు సరిచేసుకోవాలి. షుగర్ 70 కంటే కింద పడితే చెమటలు, వణుకు వస్తాయి. అప్పుడు వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. కిడ్నీ సమస్య కూడా ఉంటే రాగులు, పప్పులు, ఆకుకూరలు ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. ఇంకోటి, రెండు గంటలు లెక్కపెట్టేది మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి. మామూలుగా అప్పటికి 180 లోపు ఉండాలంటారు. పెద్దవాళ్లకు ఆ లెక్క కొంచెం మారొచ్చు.

ఆదోని కోడలు:
మామ వాడేది గ్లిమెపిరైడే. డాక్టర్‌ను అడక్కుండా తగ్గించను. పప్పు, కూరలు మాత్రం ఈ రాత్రి నుంచే పెంచుతాను, దానికి మా అత్త సరేనన్నారు. బియ్యం మాటెత్తితే ఇంకా మొహం తిప్పుకుంటున్నారు.

కళ్యాణదుర్గం రైతు:
డాక్టర్ సరే అన్నాక ఒక రోజు పాత సంగటి, ఒక రోజు కొర్రనూక సంగటి పెట్టి చూడండి అక్కా. ముద్ద అంతే ఉండాలి, కూర అదే ఉండాలి. మీటర్ ఏది తక్కువంటే దానికి నేనూ ఒప్పుకుంటా. మళ్లీ తెల్లన్నానికి మాత్రం మళ్లించొద్దు.