కోడ్ మర్చిపోయిన సూట్‌కేస్: తెరిచే ఉపాయం అడిగినవాళ్ళందరికీ చెప్పేయొచ్చా?

పాతపెట్టె
మా నాన్న సూట్‌కేస్. జిప్ ఉన్నది కాదు, గట్టి పెట్టె రకం. పిడికి అటొకటి ఇటొకటి నంబర్ తాళాలు, ఒక్కోదానికి మూడు చక్రాలు. పదకొండేళ్ళుగా అటక మీదే పడుంది. కోడ్ ఎంతని అడిగితే నాన్న "మీ అమ్మకి తెలుసేమో" అంటారు. అమ్మ "నేనెప్పుడైనా దాన్ని ముట్టుకున్నానా" అంటుంది. సరే పగలగొట్టేస్తానంటే మాత్రం ఇద్దరూ ఒక్కటైపోయి వద్దంటారు. లోపల ఏముందో ఇద్దరికీ గుర్తులేదు, అది వేరే విషయం.

మొన్న ఇదే ప్రశ్న ఇంకో గ్రూపులో అడిగాను. "అది నీ పెట్టేనని గ్యారంటీ ఏంటి? ఇలాంటివి పదిమందిలో చెప్పే విషయాలు కావు" అని ఒకాయన గొడవ చేసి పోస్ట్ తీయించేశారు. అందుకే ఇక్కడ రెండూ అడుగుతున్నా. ఒకటి, ఎలా తెరవాలి? రెండు, అసలు ఇలా అడగడం తప్పా?

సుత్తిదెబ్బ
పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని గొళ్ళెం కింద దూర్చి ఒక్క తోపు. రెండు నిమిషాల పని. పదకొండేళ్ళు తియ్యని పెట్టెకి ఇంకా తాళం దేనికి?

వెయ్యి_లెక్క
సుత్తన్నా, ఆగు. గొళ్ళెం ఊడొస్తే పర్లేదు, దాంతోపాటు మూత అంచు వంగిందంటే ఆ పెట్టె మళ్ళీ జన్మలో సరిగ్గా మూసుకోదు.

పాతపెట్టె గారూ, లెక్క చూడండి. మూడు చక్రాలంటే 000 నుంచి 999 దాకా వెయ్యే. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా 33 నిమిషాలు. సగం దారిలోనే దొరకొచ్చు. రెండు తాళాలు ఉన్నాయి కదా, పది లక్షలు అవుతాయని భయపడకండి. రెండూ విడివిడిగా తెరుచుకుంటాయి కాబట్టి వెయ్యి ప్లస్ వెయ్యి, అంతే. చాలామంది ఇక్కడే హడలిపోయి సుత్తి పట్టుకుంటారు.

చేసే పద్ధతి: మొదటి రెండు చక్రాలూ కదపకుండా, ఒక వేలితో బటన్‌ని మెల్లగా నొక్కిపట్టి మూడో చక్రం ఒక పూర్తి చుట్టు తిప్పండి. తర్వాత మధ్య చక్రం ఒక అంకె జరిపి మళ్ళీ చుట్టు. మధ్యది పది అంకెలూ అయ్యాక మొదటి చక్రం ఒక అంకె జరిపి మళ్ళీ అంతే. ఇలా వంద చుట్లు. అంతకంటే ముందు 000 చూడండి, చాలా తాళాలు కొన్నప్పుడు దానిమీదే ఉంటాయి, మనం మార్చకపోతే అదే కోడ్. తర్వాత ఇంట్లో అందరి పుట్టినరోజులు, పాత ఇంటి నంబర్లు, బండి నంబర్ చివరి మూడంకెలు.

అనుమానపక్షి
ఆ గ్రూపులో పోస్ట్ తీయించింది నేను కాదు గానీ, ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? పైన ఆయన ఎవరని అడగకుండానే వంటకం మొత్తం వడ్డించేశారు. రేపు ఇదే పోస్ట్ చదివేవాడి చేతిలో ఎవరి పెట్టె ఉందో మీకు తెలుసా? తాళాలు తీసే మేస్త్రీ కూడా ముందు "మీదేనా?" అని అడిగిగానీ చెయ్యి వెయ్యడు. మనం అదైనా అడగాలిగా.

వెయ్యి_లెక్క
వెయ్యిదాకా లెక్కపెట్టడం రహస్య విద్య అని నాకు తెలీదండి. దొంగ దగ్గర అరగంట కూర్చుని చక్రాలు తిప్పే ఓపిక ఉంటే ఏదో ఒక ఉద్యోగంలో చేరేవాడు. వాడు పెట్టె పెట్టెనే ఎత్తుకుపోతాడు.

తాళాలపిచ్చి
ఈ తగువు ఈనాటిది కాదు. 1851లో లండన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది, ప్రపంచం నలుమూలల నుంచీ సరుకు తెచ్చిపెట్టారు. అక్కడికి ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా తాళాల మనిషి వచ్చి, ఎవడూ తీయలేడని పేరుపడ్డ చబ్ తాళం తీసేశాడు. ఆ తర్వాత బ్రామా తాళం. దాన్ని తీసినవాడికి 200 గినీలు (అప్పటి ఇంగ్లండ్ డబ్బు) ఇస్తామని ఆ కంపెనీ అరవై ఏళ్ళుగా తన షాపు కిటికీలో సవాలు బోర్డు పెట్టుకుని కూర్చుంది. హాబ్స్ దానిమీద పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చున్నాడు, తీశాడు. అప్పుడూ ఇదే గోల: ఇవన్నీ బయటపెడితే దొంగలు నేర్చుకోరా అని. దొంగలకి ముందే తెలుసు, తెలియనిది తాళం కొనుక్కునేవాడికే, అన్నది అవతలి పక్షం మాట. నేను ఆ పక్షమే.

ఇక పెట్టె సంగతి. వెయ్యీ తిప్పక్కర్లేకుండా ఒక దారి ఉంది. టార్చ్ వేసి చక్రానికీ తాళం బాడీకీ మధ్య సందులోకి చూడండి. పాత రకాల్లో చక్రం పక్కన ఇరుసు మీద చిన్న గాడి కనిపిస్తుంది. చక్రం తిప్పుతుంటే అదీ తిరుగుతుంది. మూడింటి గాడులూ ఒకే వైపుకి తెచ్చి బటన్ నొక్కండి. తెరుచుకోకపోతే మూడు చక్రాలూ ఒక్కో అంకె ముందుకు జరిపి మళ్ళీ నొక్కండి. గాడులు ఒకే వరసలో ఉన్నాయి, ఏ వైపు ఉండాలన్నదొక్కటే తేలాలి కాబట్టి ఎక్కువలో ఎక్కువ పదిసార్లు. సందు కనబడని తాళాలకి ఇది పనికిరాదు.

సుత్తిదెబ్బ
అంటే వెయ్యి అన్నది పది అయింది. ఇంకాసేపుంటే ఊదితే తెరుచుకుంటుందంటారు. మరి ఇది తాళమా, బొమ్మా?

తాళాలపిచ్చి
నిజానికి బొమ్మకి దగ్గర. పైన ఎర్ర వజ్రం గుర్తు, ఒక తాళంచెవి రంధ్రం ఉన్న నంబర్ తాళాలు చూసే ఉంటారు. చాలామంది "మాకు చెవి ఇవ్వలేదు, మోసం" అనుకుంటారు. అది మనకోసం కాదు. అమెరికా విమానాశ్రయాల్లో సామాను తనిఖీ చేసే టీఎస్‌ఏ వాళ్ళు పగలగొట్టకుండా తెరుచుకోవడానికి పెట్టింది. సూట్‌కేసులకి ఎక్కువగా వచ్చేది 007 నంబర్ చెవి. ఆ నంబర్ ఉన్న పెట్టెలన్నిటికీ అదే చెవి. 2014లో ఒక పేరున్న అమెరికా పత్రిక ఆ చెవుల ఫొటో అచ్చేసింది. 2015కల్లా ఆ ఫొటో చూసి గీసిన నమూనాలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి, త్రీడీ ప్రింటర్ ఉన్నవాడు ఇంట్లోనే చెవి తీసేసుకున్నాడు. ఇంత జరిగాక కూడా సూట్‌కేస్ తాళం గుట్టు కాపాడదామంటే నవ్వొస్తుంది.

అనుమానపక్షి
నవ్వండి. నా మాటకి సాక్ష్యం మీరే తెచ్చారు. ఆ ఫొటో అచ్చవడం వల్ల పెట్టెలున్నవాళ్ళకి ఒరిగిందేంటి? అప్పటికే అమ్మేసిన తాళాలు ఎవరైనా వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చారా? లోపం తెలిసింది, సరిచేసుకునే దారి లేదు. హాబ్స్ కథలో తాళాలు చేసేవాళ్ళకి బుద్ధొచ్చిందేమో, ఇక్కడ ఎవరికొచ్చింది?

అసలు నా భయం దొంగ గురించి కాదు. వెయ్యి_లెక్క గారన్నట్టు దొంగ పెట్టెతో సహా పోతాడు. నా భయం పక్క మంచం వాడి గురించి. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నా సూట్‌కేస్‌కి నంబర్ తాళం ఉండేది. జిప్పు రన్నర్లు రెండూ తాళంలో దూరి ఉండేవి, ఎప్పుడు చూసినా తాళం వేసినట్టే ఉండేది. మూడు వారాల తర్వాత గానీ అడుగున ఉన్న కవరు పోయిందని తెలియలేదు. ఎలా తీశారో అర్థం కాక నా జ్ఞాపకశక్తినే అనుమానించుకున్నాను. చివరికి తెలిసిందేంటంటే బాల్‌పెన్. జిప్పు పళ్ళ మధ్య పొడిస్తే విచ్చుకుంటుంది. పనయ్యాక తాళంతో ఉన్న రన్నర్లని ఆ చివర నుంచి ఈ చివర దాకా ఓసారి లాగితే మళ్ళీ మూసుకుపోతుంది. గీత కూడా పడదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, వాడికి పెన్ను చేతికిచ్చింది ఇలాంటి చర్చే.

వెయ్యి_లెక్క
మీకు జరిగింది బాధాకరమేనండి. కానీ ఆ పెన్ను సంగతి మీకే ముందు తెలిసుంటే? కవరు అందులో పెట్టేవారా?

అనుమానపక్షి
...పెట్టేవాణ్ణి కాదు.

అయినా ఒప్పుకోను. "జిప్పు సూట్‌కేస్‌లో విలువైనవి పెట్టకండి" అని చెప్పడానికి పెన్ను ఎక్కడ పొడవాలో చెప్పక్కర్లేదు.

నిదానమే
మీరే చెప్పేశారుగా పక్షి గారూ, పైన :)

అనుమానపక్షి
కోపంలో రాశాను. ఎడిట్ బటన్ ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

నిదానమే
నా లెక్క ఇద్దరికీ మధ్యన ఉంటుంది. పగలగొడితే జాడ ఉంటుంది, ఎవరో తీశారని సొంతదారుకి తెలుస్తుంది. చక్రాలు తిప్పి తీసినా, జిప్పు విప్పి తీసినా ఏమీ తెలియదు. అందుకని జాడ మిగలని పద్ధతి అడిగేవాణ్ణి రెండు ప్రశ్నలు అడగడంలో తప్పులేదు. పోలీసు విచారణ అక్కర్లేదు. పెట్టె ఎలా ఉంటుంది, తాళం ఏ వైపు, కోడ్ ఎలా పోయింది, ఇంతే. తనదైనవాడు దానితో పడ్డ తిప్పలన్నీ మనం అడక్కుండానే చెప్తాడు. పాతపెట్టె గారి పోస్ట్ చూడండి, సగం అమ్మా నాన్నల గొడవే.

ఇంకోటి ఎవరూ చెప్పలేదు. చాలాసార్లు మనిషి కోడ్ మర్చిపోడు, తాళమే మారిపోతుంది. కోడ్ మార్చుకోడానికి చిన్న లివరో, పెన్ను మొనతో నొక్కే బటనో ఉంటుంది. గట్టి పెట్టెల్లో అది మూతకి లోపలి వైపు ఉండటం మామూలు. సామాను తగిలి లివర్ జరిగి, అదే సమయంలో చక్రం ఒక అంకె కదిలిందంటే కొత్త కోడ్ పడిపోయినట్టే. అందుకని నాన్నగారు ఏదైనా నంబర్ అనుమానంగా చెప్తే కొట్టిపారెయ్యకండి. ఒక్కో చక్రం ఆ అంకె మీదా, దానికి ఒకటి ముందూ, ఒకటి వెనకా పెట్టి చూడండి. మొత్తం 27. టీ చల్లారేలోపు అయిపోతుంది.

పాతపెట్టె
అందరికీ దండాలు. నాలుగు రోజుల తర్వాత వస్తున్నా.

ముందు టార్చ్ వేశాను. సందులో నల్లటి జిడ్డు తప్ప ఏమీ కనబడలేదు. సరే అని ఎడమ తాళం 000 నుంచి మొదలుపెట్టాను. బటన్ నొక్కిపట్టి గబగబా తిప్పుతూ 999 దాకా వెళ్ళాను. తెరుచుకోలేదు! నాన్న పక్కన కూర్చుని పేపరు చదువుతూ "నొక్కుడు తగ్గించు" అన్నారు. వినలేదు. రెండో రోజు విన్నాను. గట్టిగా నొక్కితే చక్రం రెండు అంకెల మధ్యలోనే ఆగుతోంది, అందుకే సరైన అంకె మీదుగా జారిపోయింది. ఈసారి ఒక్కో అంకె దగ్గర ఆపి, వదిలి, నొక్కాను. 208 దగ్గర టక్‌మని గొళ్ళెం లేచింది. శబ్దానికి అమ్మ వంటింట్లోంచి వచ్చేసింది.

కుడి తాళానికి 208 పెడితే రాలేదు. నిదానమే గారి 27లో మూడో ప్రయత్నానికి 209తో తెరుచుకుంది. మూత లోపల లివర్ సగం జరిగి ఉంది, దాని పక్కనే ఒక బూటు కూరి ఉంది. రెండో బూటు లేదు.

మూత జేబులో మడిచిన కాగితం దొరికింది. నాన్న చేతిరాత: "సూట్‌కేస్ కోడ్, రెండు వైపులా 208. మర్చిపోకూడదు." నాన్న చూసి "చెప్పానా, నేను రాసిపెట్టుకునే మనిషిని" అన్నారు.

సుత్తిదెబ్బ
నాలుగు రోజులు! ఒక బూటుకి!

అనుమానపక్షి
పాతపెట్టె గారూ, ఇప్పుడు నమ్ముతున్నా, పెట్టె మీదే. పరాయి పెట్టె తీసినవాడు ఒంటి బూటు గురించి ఇంత రాయడు. ఆ లివర్ సరిచేసి కోడ్ మార్చుకోండి, 208 ఇప్పుడు మా అందరికీ తెలుసు.

పాతపెట్టె
మార్చేశాను. ఈసారి కాగితం బయట పెట్టాను. ఎక్కడన్నది మాత్రం అడక్కండి.