ఎన్ఐటీ సీటు వదిలి హైదరాబాద్ కాలేజీకి రావచ్చా? మీరేమంటారు?

మున్నేరు (చర్చ పెట్టినవారు):
ఖమ్మం అబ్బాయి. నిరుడు ఇంటర్ పాసై, జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఈశాన్యంలోని ఒక ఎన్ఐటీలో (కేంద్రం నడిపే ఇంజినీరింగ్ సంస్థ) సివిల్‌లో చేరాడు. మొదటి ఏడాది పూర్తయింది. సీజీపీఏ (పదికి లెక్కేసే సగటు గ్రేడు) 7.4, బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిన సబ్జెక్టులు) లేవు. అయినా అక్కడ ఉండలేనంటున్నాడు. ఈ మేలో తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష టీజీ ఈఏపీసెట్ మళ్లీ రాస్తే 14 వేల చిల్లర ర్యాంకు వచ్చింది. దానికి హైదరాబాద్‌లో ఓ మోస్తరు అటానమస్ (పరీక్షలు సొంతంగా పెట్టుకునే) కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) గానీ, దాని అనుబంధ బ్రాంచి గానీ రావచ్చు. తండ్రి ఆదాయం ఏడాదికి మూడు లక్షలు, బీసీ-డి. ఇంట్లోవాళ్లేమో ఎన్ఐటీ సీటు ఎవరైనా వదులుకుంటారా అంటున్నారు. పేరు చూసుకోవాలా, పిల్లాడి సంతోషం చూసుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

సీటుమాట:
మున్నేరు గారూ, ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. మీరు అడుగుతున్నది ట్రాన్స్‌ఫర్ కాదు, మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టడం. ఎన్ఐటీ నుంచి ఇంకో ఎన్ఐటీకి మారే పద్ధతి లేదు. హైదరాబాద్ కాలేజీలో నేరుగా రెండో ఏడాదిలో చేరదామంటే, ఆ లేటరల్ ఎంట్రీ సీట్లు ఈసెట్ అనే వేరే ప్రవేశ పరీక్ష రాసే డిప్లొమా, బీఎస్సీ మ్యాథ్స్ వాళ్లవి. పాసైన కోర్సుల క్రెడిట్లు (పాయింట్లు) దాచుకుని వేరేచోట వాడుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉంది కదా అంటారు. 2021లో యూజీసీ నిబంధనలు వచ్చాయి, క్రెడిట్లు ఏడేళ్లు నిల్వ ఉంటాయి, అంతవరకు నిజమే. కానీ వాటిని ఒప్పుకోవాల్సింది చేర్చుకునే విశ్వవిద్యాలయం. హైదరాబాద్‌లోని జేఎన్‌టీయూహెచ్ విశ్వవిద్యాలయం 2018లో తెచ్చిన ఆర్18 నిబంధనలే చూడండి: బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాళ్లు అక్కడ చదవని సబ్జెక్టులన్నీ ఇక్కడ పాసవ్వాలి. పాసైన సబ్జెక్టే ఇక్కడ వేరే సెమిస్టర్‌లో ఉంటే మళ్లీ చదవాలి. అదీ రెండు వైపులా అనుమతులు వచ్చి, సీటు ఖాళీగా ఉంటేనే.

అంటే ఈఏపీసెట్‌తో వస్తే ఏడాది పోతుంది. ఆ సంగతి ఒప్పుకున్నాకే మిగతా మాటలు.

లెక్కలపంతులు:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు, అసలు చిక్కు అక్కడే ఉంది. ఎన్ఐటీ ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500. కుటుంబ ఆదాయం లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. కాబట్టి ఈ అబ్బాయి కట్టేది సెమిస్టర్‌కు సుమారు 20,800. మిగిలిన మూడేళ్లకు లక్షా 25 వేలు.

హైదరాబాద్‌లో కన్వీనర్ కోటా (ఈఏపీసెట్ ర్యాంకుతో ఇచ్చే సీట్లు) ఏడాది ఫీజు కాలేజీని బట్టి మారుతుంది. లక్షన్నర దాటినవీ ఉన్నాయి. లక్షా 20 వేలు అనుకుందాం. తెలంగాణలో బీసీల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు (ప్రభుత్వం ఫీజు కట్టే పథకం) ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. మూడు లక్షల ఆదాయానికి రాదు. వచ్చినా పదివేల ర్యాంకు దాటినవాళ్లకు 35,000 వరకే, మిగతాది చేతినుంచే కట్టాలి. నాలుగేళ్లకు 4 లక్షల 80 వేలు ట్యూషన్ ఒక్కటే. పైగా ఉద్యోగం ఏడాది వెనక్కి. హాస్టల్, భోజనం రెండుచోట్లా ఉంటాయి కాబట్టి పక్కన పెట్టాను. తేడా మూడున్నర లక్షలు. ఆ తండ్రికి అది ఏడాది సంపాదన కన్నా ఎక్కువ.

సంతోషం గురించి మాట్లాడే ముందు ఈ అంకె ఆ అబ్బాయి ముందు కాగితం మీద ఉండాలి. అప్పు చేసి వచ్చాక అక్కడా బాగోలేకపోతే, ఆ అప్పు బెంగ మరో దిగులవుతుంది.

కొత్తగూడెం గాలి:
పంతులు గారూ, మీ లెక్క సరిగ్గానే ఉంది గానీ ఒక పద్దు వదిలేశారు. ఉండలేనివాణ్ణి ఉంచితే ఏమవుతుందో కూడా లెక్కలోకి రావాలి. హాజరు 75 శాతం తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఒక సెమిస్టర్‌లో డిటైన్ అయితే (పైకి పంపకుండా ఆపేస్తే) అక్కడా ఏడాది పోతుంది, బ్యాక్‌లాగ్‌లు పేరుకుంటాయి. చాలా ఐటీ కంపెనీల నోటిఫికేషన్లలో పది, ఇంటర్, బీటెక్ అన్నింటా 60 శాతం ఉండాలనీ, బ్యాక్‌లాగ్ మిగలకూడదనీ రాసి ఉంటుంది. ఎన్ఐటీ పేరుండి 5.8 సీజీపీఏ ఉన్నవాడికి ఆ నోటిఫికేషన్ తలుపు తెరుచుకోదు. పేరు పనిచేయాలంటే దాని కింద మార్కులు ఉండాలి, మార్కులు రావాలంటే పిల్లాడు తరగతికి వెళ్లగలగాలి.

సీటుమాట:
నిజమే. కానీ ఈ అబ్బాయికి 7.4 ఉంది, బ్యాక్‌లాగ్ లేదు. దిగులుతోనే అంత తెచ్చుకున్నాడంటే చదువు చేతిలోనే ఉంది. మరి ఉండలేనన్నది దేని గురించి? ఊరా, బ్రాంచా, గదిలోవాళ్లా, మనసా? ఒక్కోదానికి మందు వేరు, అన్నింటికీ కాలేజీ మార్చడమే మందు కాదు.

మున్నేరు:
సివిల్ నచ్చలేదంటాడు. తిండి పడటం లేదు, మాట్లాడేవాళ్లు లేరు అని కూడా అంటాడు.

వంతెన:
సివిల్ నచ్చలేదన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మొదటి ఏడాదిలో సివిల్ ఎంత చదివాడని? గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ప్రోగ్రామింగ్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్. దాదాపు అన్ని బ్రాంచిలకూ ఇవే. మహా అయితే ఇంజినీరింగ్ మెకానిక్స్ తగిలి ఉంటుంది. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, సర్వేయింగ్ వచ్చేది రెండో ఏడాదిలో. అందుకే ఫస్టియర్ అయ్యాక సివిల్ మీద విరక్తి అంటే సాధారణంగా అర్థం: పక్క బ్రాంచివాళ్లకు వచ్చే ప్యాకేజీల గురించి విన్నాడు, లేదా ఊరి మీద కోపం సబ్జెక్టు మీదికి మళ్లింది.

ప్రోగ్రామింగ్ మీద నిజంగానే మనసుంటే సంగతి వేరు. అప్పుడు కూడా కాలేజీ వదలకుండా మూడు దారులున్నాయి. ఒకటి, మొదటి ఏడాది మార్కులతో బ్రాంచి మార్పు. సీట్లు బహుకొద్ది. సాధారణంగా సబ్జెక్టులన్నీ మొదటిసారే పాసై, క్రమశిక్షణ చర్యలు లేకుండా ఉండాలి. 7.4కు సీఎస్ఈ దొరకడం కష్టం, ఎలక్ట్రికల్ లాంటిదానికి దరఖాస్తు పెట్టి చూడొచ్చు. రెండు, మైనర్ డిగ్రీ: అసలు బీటెక్ మీద 18 నుంచి 20 అదనపు క్రెడిట్లు చేస్తే సర్టిఫికెట్‌లో అదీ ఎక్కుతుంది. మూడు, ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలకు అనుమతించింది, కాబట్టి నిబంధనల ఇబ్బంది లేదు. ఇబ్బంది అల్లా పని భారం. బీటెక్‌తో పాటు టర్మ్‌కు ఒకటి రెండు కోర్సులకు మించి పెట్టుకుంటే రెండూ దెబ్బతింటాయి.

సివిల్‌కే ఉన్న మేలు కూడా చెప్పాలి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో మంచి స్కోరు వస్తే ఏ కాలేజీ బీటెక్ అయినా ఐఐటీ ఎంటెక్ అందుతుంది. మూడో ఏడాది నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, చేరాక నెలకు 12,400 స్టైపెండ్. పేరు కావాలనుకునేవాళ్లకు పేరు తెచ్చుకునే రెండో అవకాశం ఇది. అంటే ఇప్పుడు ఎన్ఐటీ వదిలినా జీవితాంతం పేరు పోయినట్టు కాదు. ఈ మాట నేను రెండు పక్షాలకూ చెబుతున్నాను.

కొత్తగూడెం గాలి:
వంతెన గారూ, మీ మాట ఒప్పుకుంటూనే ఒకటి అడుగుతాను. ఊరి మీద కోపం అని తేలిగ్గా అన్నారు. ఈశాన్యంలో ఎన్ఐటీలున్న సిల్చర్, అగర్తల లాంటి చోట్ల డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. ఖమ్మం నుంచి రైల్లో రెండు రోజుల పైమాటే, మూడు రోజుల సెలవుకు ఇంటికి రాలేడు. మెస్‌లో అన్నం ఉంటుంది, ఆవనూనె వాసనకు అలవాటు పడని నాలుక దాన్ని తిననివ్వదు. పద్దెనిమిదేళ్లవాడికి ఇవి చిన్న విషయాలా? ఇంకా మూడేళ్లు అలాగే ఉండాలి.

వంతెన:
చిన్నవని అనలేదండి. కొన్నింటిని అక్కడే సరిచేయొచ్చు అంటున్నాను. పచ్చడి, పొడులు, ఎలక్ట్రిక్ కుక్కర్‌కు హాస్టల్ అనుమతి, రూమ్ మార్పు దరఖాస్తు, తెలుగు సీనియర్ల పరిచయం. ఎన్ఐటీల్లో సగం సీట్లు ఇతర రాష్ట్రాలవే కాబట్టి తెలుగు పిల్లలు లేని ఎన్ఐటీ ఉండదు. రెండో ఏడాది మొదటి రెండు నెలలు ఇవి చేసి చూడొచ్చు.

మానేరు డ్యామ్:
అందరూ ఊరు, బ్రాంచి అంటున్నారు. ర్యాగింగ్ ఉందా అని ఒక్కరూ అడగలేదు. మాట్లాడేవాళ్లు లేరు అన్న మాట వెనక అది ఉండొచ్చు. ఉంటే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. రెండోది: ఇంటికొచ్చి మూడు వారాలైనా నిద్ర, ఆకలి కుదురుకోకపోతే కాలేజీ ప్రశ్న పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అలాంటి స్థితిలో ఉన్న పిల్లాణ్ణి ఎన్ఐటీ పేరు చెప్పి రైలెక్కించడం నా దృష్టిలో పెద్ద తప్పు. చదువు మళ్లీ వస్తుంది.

సీటుమాట:
మానేరు గారి మాటకు ఒక దారి జోడిస్తాను. ఆరోగ్య కారణాలతో సెమిస్టర్ గానీ ఏడాది గానీ విరామం తీసుకునే వెసులుబాటు విద్యాసంస్థల నిబంధనల్లో సాధారణంగా ఉంటుంది. డాక్టర్ సర్టిఫికెట్‌తో ముందే రాతపూర్వకంగా అడగాలి, అనుమతి కాగితం చేతికి రావాలి. చెప్పకుండా మానేస్తే దాన్ని గైర్హాజరుగానే రాస్తారు. ఈఏపీసెట్‌తో వచ్చినా ఏడాది పోతుంది, విరామం తీసుకున్నా ఏడాదే పోతుంది. తేడా ఏమిటంటే విరామంలో సీటు పోదు, ఫీజు మాఫీ పోదు. మనసు బాగోలేకే అయితే నా ఓటు దీనికే.

లెక్కలపంతులు:
ఈ దారి నాకు తోచలేదు. మూడున్నర లక్షల్లో చాలా భాగం మిగులుతుంది. నా అభ్యంతరం ఇక్కడికి సగం తగ్గింది.

కొత్తగూడెం గాలి:
నాకు మాత్రం ఒక అనుమానం మిగిలింది. విరామం తర్వాత వెళ్లేది అదే గదికి, అదే మెస్‌కి, పైగా జూనియర్ల బ్యాచ్‌లోకి. జబ్బు స్థలంలోనే ఉంటే విరామం వాయిదా మాత్రమే. ప్రోగ్రామింగ్ మీద మనసు నిజమని ఏదైనా చేసి చూపించి ఉంటే, కుటుంబం ఖర్చు భరించగలిగితే, రావడమే మేలని ఇప్పటికీ అంటాను. ఏడాది గ్యాప్ కంపెనీలకు పెద్ద అడ్డు కాదు. రెండేళ్లు మించితేనే చాలాచోట్ల చిక్కు. దాచకుండా చెప్పాలి, ఎన్ఐటీ మొదటి ఏడాది గ్రేడ్ షీట్లు భద్రంగా ఉంచుకోవాలి.

ఒక హెచ్చరిక కూడా. దూరపు కొండలు నునుపు. ఆ కాలేజీలో సీఎస్ఈ సెక్షన్లు ఎన్ని, ఒక్కో సెక్షన్‌లో ఎంతమంది, గత ఏడాది ఆఫర్లలో ఒకే విద్యార్థికి వచ్చిన రెండు మూడింటిని విడివిడిగా లెక్కేశారా అన్నది వెళ్లి అడగాలి. ప్లేస్‌మెంట్ బ్రోచర్‌లో ఆఫర్ల సంఖ్య ఉంటుంది, ఉద్యోగం వచ్చిన విద్యార్థుల సంఖ్య అడిగితేనే చెబుతారు.

మున్నేరు:
వస్తే గనక ఏది ముందు, ఏది తర్వాత చేయాలి?

సీటుమాట:
చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కోపంలో ముందు ఎన్ఐటీలో విత్‌డ్రా చేస్తారు, తర్వాత కోరుకున్న సీటు రాదు.

ముందుగా 6 నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, మార్కుల మెమోలు సరిచూసుకోండి. లోకల్ హోదా (తెలంగాణ స్థానికుడన్న గుర్తింపు) ఇంటర్ వరకు చదివిన చోటును బట్టే కాబట్టి బయట చదివిన ఏడాది దాన్ని చెరపదు. ఒరిజినల్స్ ఎన్ఐటీలో ఉండిపోయుంటే ఇప్పుడే అడగండి. కాలేజీలు ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు స్లాట్ బుక్ చేసుకుని సర్టిఫికెట్ల వెరిఫికేషన్ పూర్తి చేయండి. వెబ్ ఆప్షన్లలో (ఆన్‌లైన్‌లో ఇచ్చే కాలేజీల ప్రాధాన్య జాబితా), ఎన్ఐటీ వదులుకునేంత విలువైన కాలేజీలే పెట్టండి. జాబితా నింపడానికి అడుగున ఏదో ఒకటి పెట్టారంటే అదే వచ్చే ప్రమాదం ఉంది. చివర్లో మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

సీటు కేటాయింపు వచ్చాక ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఒప్పుకున్నట్టు నమోదు) చేయండి. ఆ తర్వాతే ఎన్ఐటీలో విత్‌డ్రా దరఖాస్తు, నో డ్యూస్ (బాకీలు లేవన్న కాగితం), టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్. కొత్త కాలేజీ టీసీ కోసం ఎన్ని రోజులు ఆగుతుందో ముందే రాయించుకోండి. ఎన్ఐటీ రెండో ఏడాది రిజిస్ట్రేషన్ గడువు దాదాపు అదే సమయంలో పడుతుంది. రెండు తేదీలూ ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించండి. నో డ్యూస్ ఎక్కువగా ఆగిపోయేది లైబ్రరీ పుస్తకం, మెస్ బాకీ దగ్గర. అబ్బాయి ఇప్పుడు ఇంట్లోనే ఉంటే పుస్తకాలు ఎక్కడున్నాయో ఈ రాత్రే అడగండి.