చౌడు చేలో వరికి నాచు మందు: పైరును నిలబెట్టింది మందా, వానా?

శివారు రైతు
నాగాయలంక దగ్గర మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. ఈసారి కాలువ నీళ్లు ఆలస్యమయ్యాయి. పొద్దున్నే చూస్తే గట్ల మీద సున్నం చల్లినట్టు ఉప్పు పేరుకుని ఉంది. నాటిన ఇరవై రోజులకే ఆకుల కొనలు ఎండి చుట్టుకుపోయాయి. దుకాణంలో సముద్రపు నాచు ద్రావణం ఇచ్చారు, లీటరు తొమ్మిది వందలు. రెండుసార్లు పిచికారీ చేశాను. పది రోజుల్లో కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. ఊళ్లో సగం మంది అదంతా మాయ అంటున్నారు. మీరేమంటారు?

మట్టిమనిషి
ఆ పది రోజుల్లో వాన పడిందా?

శివారు రైతు
పడింది. రెండు రోజులు గట్టిగానే కురిసింది.

మట్టిమనిషి
అయితే ఆ ఘనత వానకే ఇవ్వండి. వాన ఉప్పును పలచన చేసి వేళ్ల కిందికి దించింది. మీ సీసా నేలలోంచి చిటికెడు ఉప్పు కూడా తీయలేదు. వరి అసలే ఉప్పుకు సున్నితమైన పంట. మట్టి సారంలో లవణ సూచిక (ఉప్పు ఎంతుందో చెప్పే ఇ.సి. కొలత) 3 దాటితే, ఆపైన ప్రతి యూనిట్‌కూ దాదాపు 12 శాతం దిగుబడి పోతుందని లెక్క. జిప్సం వేయండి, మురుగు కాలువ తీయించండి. మిగిలినవన్నీ పైపూతలు.

వేరువ్యవస్థ
మట్టిమనిషి గారూ, గట్ల మీద తెల్లగా పేరుకుంటే అది పాల చౌడు. జిప్సం పనిచేసేది సోడియం పట్టేసిన కారు చౌడులో, అక్కడ ఉదజని సూచిక (pH) 8.5 దాటి ఉంటుంది. పాల చౌడుకు మంచినీళ్లు పెట్టి కడగాలి, ఆ నీళ్లు బయటికి పోవాలి. పరీక్ష చేయించకుండా జిప్సం కొనమనడం కూడా సీసా అమ్మడం లాంటిదే.

ఇక మందు సంగతి. ఉప్పు ఎక్కువైతే మొక్కకు నీళ్లు అందవు. ఆపైన సోడియం లోపలికి చేరి పొటాషియం దారిని ఆక్రమిస్తుంది. నాచు సారం, గ్లైసీన్ బీటైన్ (కొన్ని మొక్కల్లో సహజంగా ఉండే పదార్థం), కొన్ని వేరు బాక్టీరియాలు ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి సాయపడతాయని కుండీల్లో చేసిన ప్రయోగాలు చాలానే చూపించాయి. పొలంలో మాత్రం ఫలితం ఒక చోట ఉంటే ఇంకో చోట ఉండదు. నారు దశలోనూ పూత దశలోనూ వరి బాగా సున్నితం కాబట్టి, కొడితే అప్పుడే కొట్టాలి. పిలకలన్నీ పోయాక కొట్టి లాభం లేదు.

మందుల కొట్టు
నేను అమ్మేవాడిని, కాబట్టి నా మాట తగ్గించుకునే వినండి. 2021లో కేంద్రం నాచు మందు లాంటి జీవ ఉత్ప్రేరకాలను (బయోస్టిమ్యులెంట్లను) ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. సీసా మీద ఏముందో, ఎంత శాతమో, ఏ పంటకో రాసి ఉండాలి. 'అన్ని పంటలకూ అద్భుతం' అని మాత్రమే రాసి ఉంటే తిరిగి ఇచ్చేయండి, మా కొట్టులో కొన్నదైనా సరే.

మట్టిమనిషి
జిప్సం విషయంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. కానీ మురుగు పోకుండా ఏ మందు కొట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

శివారు రైతు
అన్నా, మురుగు కాలువ నాది కాదు, గుర్రపుడెక్క నిండి మూడేళ్లయింది. పక్కనే రొయ్యల చెరువు, దాని ఊట మా చేలోకే. పొలమూ నాది కాదు. వచ్చే ఏడాది ఉంటానో లేదో తెలియని నేలకు నేనెందుకు మరమ్మతు చేయిస్తాను? నా చేతిలో ఉన్నది ఈ పంట ఒక్కటే.

వేరువ్యవస్థ
అసలు చిక్కు అదే. నేలను బాగుచేస్తే లాభం యజమానికి, ఉప్పు దెబ్బ కౌలుదారుకు. అందుకే సీసాలు అమ్ముడవుతున్నాయి. అయినా ఈ ఒక్క పంటకే సరిపోయే పనులు ఇంకా ఉన్నాయి. మచిలీపట్నం పరిశోధన కేంద్రం వారి ఎం.సి.ఎం. 100 లాంటి చౌడును తట్టుకునే విత్తనం తీసుకోండి. నారు కాస్త ముదిరాక, కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి దగ్గరగా నాటండి. మందు తరువాతి మాట.

శివారు రైతు
విత్తనం వచ్చే సార్వాకు చూస్తాను. ఇంకో అర లీటరు మిగిలింది. పూతకు ముందు కొడదామనుకుంటున్నాను.

మట్టిమనిషి
కొట్టండి, కానీ నడి చేలో రెండు గజాల పట్టీ మందు కొట్టకుండా వదిలేయండి. ఉప్పు ఎక్కువున్న గట్టు పక్కన వద్దు, కాలువ పక్కన కూడా వద్దు. నాలుగు మూలలా కర్రలు పాతి, కోతప్పుడు విడిగా నూర్చి తూయండి. మందు కొట్టిన అంతే మేర చేలో ఎక్కువ వస్తే నేనే ఇక్కడ ఒప్పుకుంటాను.

శివారు రైతు
కర్రలు ఈ సాయంత్రమే పాతుతాను. ఈసారి వాన పడితే ఆ పట్టీ మీద కూడా పడుతుంది కదా.