మధ్యాహ్నం చేసిన కట్టుడు పళ్ళ సెట్లలోనే గుల్లలు, ఉదయం సెట్లు బానే వస్తున్నాయి. ఎందుకు?

బెజవాడ ప్లాస్టర్ | రాత్రి 10:42
అన్నలూ, తల పగిలిపోతోంది. నాలుగు రోజుల్లో మూడు సెట్లు పోయాయి. అన్నీ హీట్ క్యూర్ (వేడి నీళ్ళలో గట్టిపరిచే ఎక్రిలిక్) ఫుల్ సెట్లే. ఫ్లాస్క్ (ప్లాస్టర్ అచ్చు ఉండే లోహపు పెట్టె) విప్పినప్పుడు బానే కనపడతాయి, ట్రిమ్ చేసి ప్యూమిస్ పొడితో పాలిష్ పట్టించేసరికి లోపలి నుంచి గుల్లలు బయటపడుతున్నాయి. ఎక్రిలిక్ పౌడర్ కొత్త డబ్బా తెరిచాను. అందులో కలిపే లిక్విడ్ మార్చాను. క్లాంప్ మార్చాను. సాయంత్రం నుంచి ఇదే గొడవ, అన్నం కూడా తినలేదు. విచిత్రం ఏమిటంటే ఉదయం పెట్టినవి అద్దంలా వస్తున్నాయి, మధ్యాహ్నం పెట్టినవే పాడవుతున్నాయి. అదే చెయ్యి, అదే మెటీరియల్, అదే ఎక్రిలైజర్ (ఫ్లాస్కులు వేడిచేసే నీళ్ళ తొట్టి). రేపు సాయంత్రం ఒక పెద్దాయనకి సెట్ ఇవ్వాలి. డీవాక్స్ చేసి (అచ్చులోని మైనం కరిగించి తీసేసి) ఉంచాను, అందులో ఎక్రిలిక్ పిండి ప్యాక్ చేయాలంటే భయంగా ఉంది. పిండి కలిపేటప్పటి ఫొటో, గుల్లల ఫొటో పెట్టాను. ఎవరైనా చెప్పండి.

ల్యాబ్ మామయ్య | రాత్రి 10:55
నీ ప్రశ్నలోనే జవాబు ఉంది తమ్ముడూ. మధ్యాహ్నం అన్నావు, ఊరేమో బెజవాడ, నెలేమో మే. ఆ ఎండకి మోనోమర్, అదే ఆ లిక్విడ్, జాడీలోనే ఆవిరైపోతుంది. పౌడర్ మూడు పాళ్ళు, లిక్విడ్ ఒక పాలు. ఈ కాలం పిల్లలు కొలిచి పోస్తే కదా! కలిపి మూత పెట్టాలి. ముందు ఇసకలా ఉంటుంది, తర్వాత తీగలు సాగుతుంది, ఆ తర్వాత జాడీ గోడలకి అంటకుండా పూరీ పిండిలా విడి వస్తుంది. అప్పుడే ప్యాక్ చేయాలి. ఎండాకాలం ఆ దశ చటుక్కున వచ్చి చటుక్కున పోతుంది, నువ్వు టీ తాగి వచ్చేసరికి రబ్బరైపోతుంది. జాడీని కాసేపు చల్లని చోట పెట్టుకో. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం గట్టి మూత ఉండాలి, లేకపోతే చెమ్మ పట్టి ఇంకో గోల.

ఓవర్‌బైట్ | రాత్రి 10:57
ఫ్లాస్క్ పెట్టేటప్పుడు నీళ్ళు ఎంత వేడి?

డాక్టర్ ప్రోస్తో | రాత్రి 11:04
గుల్లల సంగతి తర్వాత. మొదటి ఫొటో చూశారా ఎవరైనా? పిండిని ఉత్త చేత్తో పిసుకుతున్నాడు! మోనోమర్ రోజూ చర్మానికి తగిలితే వేళ్ళు పగులుతాయి, దురద, ఎలర్జీ. ఒకసారి ఎలర్జీ మొదలైందంటే ఆ పనే వదులుకోవాల్సి వస్తుంది, అలాంటి వాళ్ళను చూశాను. లేటెక్స్ గ్లౌజ్ వేసుకున్నాం కదా అని ధైర్యం వద్దు, మోనోమర్ అందులోంచి దూరిపోతుంది. పాలిథిన్ షీటు మధ్య పెట్టి పిసకండి. కిటికీ తెరవండి. పక్కనే స్టవ్ వెలుగుతుంటే సీసా మూత అసలు తీయకండి, అది పెట్రోలు లాగే అంటుకుంటుంది.

ల్యాబ్ మామయ్య | రాత్రి 11:10
నేను ముప్పై ఏళ్ళుగా ఉత్త చేత్తోనే పిసుకుతున్నాను డాక్టర్ గారూ. నా వేళ్ళు పదీ ఉన్నాయి.

డాక్టర్ ప్రోస్తో | రాత్రి 11:12
సంతోషం. పిల్లలకి మాత్రం నేర్పకండి.

మైనం చాకు | రాత్రి 11:15
అందరూ గుల్లలు గుల్లలు అంటున్నారు గానీ ఏ గుల్లలు? పోరోసిటీ, అంటే గుల్లలు పడటం, మూడు రకాలు. లావు చోట లోపల గుండ్రంగా ఉంటే గ్యాస్‌ది. ఆకారం లేకుండా ప్లేటంతా (పళ్ళని పట్టుకునే పింక్ భాగమంతా) ఉంటే పిండి చాలలేదు, లేదా ప్రెషర్ చాలలేదు. పల్చటి అంచుల్లో తెల్లగా పొడిపొడిగా ఉంటే లిక్విడ్ తక్కువైంది. మామయ్య చెప్పేది ఈ మూడోది. ఫొటో మసకగా ఉంది, నాకేం తెలియట్లేదు. ఎక్కడ వచ్చాయి? ఎంతసేపు క్యూర్ చేశావు?

బెజవాడ ప్లాస్టర్ | రాత్రి 11:21
మామూలుగానే ఉడకబెట్టాను అన్నా. పైదాంట్లో చివర ట్యూబరాసిటీ (పై దవడ చివరి ఉబ్బు) దగ్గర, కిందిదాంట్లో నాలుక వైపు లావు చోట. సూదితో పొడిచినట్టు గుండ్రంగా. అంగిలి పల్చగా ఉన్నచోట ఒక్కటీ లేదు.

డాక్టర్ ప్రోస్తో | రాత్రి 11:23
ఉడకబెట్టడానికి అదేమన్నా చిలగడదుంపా? క్యూరింగ్ అనండి. ఉడకబెట్టడం అని నేర్చుకున్నవాడు ఉడకబెట్టే చేస్తాడు, అక్కడే తేడా వస్తోంది.

ల్యాబ్ మామయ్య | రాత్రి 11:26
మా గురువు గారు ఉడకబెట్టు అనే అనేవారు. ఆయన చేసిన సెట్లతో చెరుకు నమిలారు జనం. మాటలో ఏముందండీ.

డాక్టర్ ప్రోస్తో | రాత్రి 11:28
చెరుకు నమలమని మాత్రం పేషెంట్లకి చెప్పకండి.

ఓవర్‌బైట్ | రాత్రి 11:29
నీళ్ళు.

బెజవాడ ప్లాస్టర్ | రాత్రి 11:33
నీళ్ళు నీళ్ళే అన్నా, కుళాయి నీళ్ళు. పొద్దున పోస్తాం, ఉదయం బ్యాచ్ అయ్యాక అవే నీళ్ళలో మధ్యాహ్నం ఫ్లాస్కులు దించుతాం. పోయిన వారం నుంచి రోజుకి రెండు బ్యాచ్‌లు లాగమన్నారు మా ఓనర్. వేడి నీళ్ళు పారబోస్తే కరెంటు దండగ కదా.

ఓవర్‌బైట్ | రాత్రి 11:34
అదే.

బెజవాడ ప్లాస్టర్ | రాత్రి 11:35
అదే అంటే?

మైనం చాకు | రాత్రి 11:47
ఈ ముక్క మొదట్లోనే చెప్తే ఇంతసేపు ఎండని తిట్టే పని లేదు కదయ్యా. విను. మోనోమర్ మరిగేది 100.8 డిగ్రీల దగ్గర. నీ నీళ్ళు వంద దాటవు కాబట్టి ఫర్వాలేదు అనుకుంటావు. కానీ 60 దాటాక పౌడర్‌లోని పెరాక్సైడ్ విడిపోయి రియాక్షన్ మొదలవుతుంది, దాని వేడి దానికే పుడుతుంది. పల్చగా ఉన్నచోట ఆ వేడిని ప్లాస్టర్ లాగేసుకుంటుంది. లావు చోట పోవడానికి దారి లేదు, చుట్టూ ఉదయం బ్యాచ్ నీళ్ళూ మరుగుతూనే ఉన్నాయి. లోపల వంద దాటిపోయి, ఇంకా కలవని మోనోమర్ ఆవిరై బుడగలు కడుతుంది. బయట ముందే గట్టిపడుతుంది కాబట్టి అవి లోపలే ఉండిపోతాయి. అందుకే విప్పినప్పుడు కనపడలేదు, ప్యూమిస్‌కి కనపడ్డాయి.

రేపటి సెట్ ఇప్పుడే ప్యాక్ చెయ్. ట్రయల్ క్లోజర్ రెండు సార్లైనా వేసి (ఫ్లాస్క్ బిగించి మళ్ళీ విప్పి) ఫ్లాష్, అంటే బయటికి పొర్లిన పిండి, తీసెయ్. క్లాంప్‌లో బిగించి రాత్రంతా టేబుల్ మీదే వదిలెయ్. పొద్దున చల్లని నీళ్ళలో పెట్టి మెల్లగా 74కి తీసుకురా, అక్కడ రెండు గంటలు, ఆ తర్వాత మరిగేదాకా పెంచి ఒక గంట. స్విచ్ తీసి నీళ్ళలోనే చల్లారనీ. ఏడింటికి మొదలుపెడితే సాయంత్రానికి అందుతుంది.

డాక్టర్ ప్రోస్తో | రాత్రి 11:52
ఒక్క మాట. మధ్యాహ్నం ఫ్లాస్కుల కోసం ఉదయానివి వేడివేడిగా తీస్తున్నావన్నమాట. తీసి ఏం చేస్తున్నావు?

బెజవాడ ప్లాస్టర్ | రాత్రి 11:54
కుళాయి కింద పెడతాను సార్. తొందరగా విప్పొచ్చని.

డాక్టర్ ప్రోస్తో | రాత్రి 11:55
ఆ అద్దం లాంటి సెట్లని మీ డాక్టర్లు ఏమంటున్నారు?

బెజవాడ ప్లాస్టర్ | రాత్రి 11:59
రెండిటికి వెనక అంచు దగ్గర లూజ్ అన్నారు సార్. ఇంప్రెషన్ (డాక్టర్ తీసిన నోటి అచ్చు) తేడా అనుకున్నాను.

డాక్టర్ ప్రోస్తో | రాత్రి 12:03
అనుకుంటారు, పాపం ఆ డాక్టర్ మీదే తోసేస్తారు. చల్లారేటప్పుడు ప్లాస్టర్ కంటే ఎక్రిలిక్ ఎక్కువ ముడుచుకుంటుంది. గబుక్కున చల్లారిస్తే ఆ బిగువు లోపలే ఉండిపోతుంది, ఫ్లాస్క్ విప్పగానే అంగిలి వెనక వైపు మోడల్ (నోటి ప్లాస్టర్ నమూనా) నుంచి లేస్తుంది. చిన్న తేడానే, సెట్ గాలి చొరకుండా అంగిలికి అంటుకునే పట్టు పోవడానికి అది చాలు. ఇకమీదట విప్పాక మోడల్ పగలగొట్టే ముందు వెనక అంచు ఒకసారి చూడు.

కొత్త ఫ్లాస్క్ | రాత్రి 12:10
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నా సెట్లలో ముందు పళ్ళు ఊడి వస్తున్నాయి. పన్ను అడుగు నున్నగా ఉంటోంది, పింక్ అసలు అంటడం లేదు. ఏం చేయాలి?

బెజవాడ ప్లాస్టర్ | రాత్రి 12:12
పాడైన మూడిట్లో గుల్లల మీద సెల్ఫ్ క్యూర్ (వేడి లేకుండా గట్టిపడే ఎక్రిలిక్) పూసి పాలిష్ చేసి ఇచ్చేస్తే?

మైనం చాకు | రాత్రి 12:16
వద్దు. పైన మూస్తావు, లోపలివి అలాగే ఉంటాయి. అరిగినకొద్దీ మళ్ళీ తెరుచుకుంటాయి, మురికి చేరి వాసన, ఆ తర్వాత ఒకరోజు అక్కడే చిట్లుతుంది. పళ్ళు కొరికే అంచుల గుర్తు ప్లాస్టర్ కీలో (చిన్న అచ్చులో) పట్టుకుని ప్లేటు మార్చు, పళ్ళన్నా మిగులుతాయి. డాక్టరుకి నిజం చెప్పి రెండు రోజులు గడువు అడుగు.

ల్యాబ్ మామయ్య | ఉదయం 6:20
ఎండ కూడా ఒక కారణమే అని నేను ఇప్పటికీ అంటాను.

బెజవాడ ప్లాస్టర్ | రాత్రి 8:05
సెట్ ఇచ్చేశాను. ఎంత ప్యూమిస్ పట్టినా ఒక్క గుల్ల లేదు. రెండో బ్యాచ్‌కి నీళ్ళు మార్చాలంటే ఓనర్ మొహం మాడ్చుకున్నారు, ఇంకో చిన్న ఎక్రిలైజర్ కొనమన్నాను, చూద్దాం అన్నారు. థాంక్స్ అన్నలూ.

ఓవర్‌బైట్ | రాత్రి 8:06
👍

కొత్త ఫ్లాస్క్ | రాత్రి 9:30
నా పళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఓవర్‌బైట్ | రాత్రి 9:41
ప్లాస్టర్‌కి ఎక్రిలిక్ అంటకుండా పూసే సీల్, పళ్ళ అడుగున కూడా పూస్తున్నావా?

కొత్త ఫ్లాస్క్ | రాత్రి 9:44
అంతా పూయాలి కదా?