పెరటి బెండకాయలను వేపుడుకు పనికివచ్చేలా ఫ్రీజర్‌లో నిల్వ చేయడం ఎలా?

మేము అమెరికాలో, టెక్సాస్‌లోని డాలస్ దగ్గర ఉంటున్నాము. ఏప్రిల్‌లో పెరట్లో నాటిన 12 బెండ మొక్కలు ఈ ఎండలకు విరగకాస్తున్నాయి. రెండు రోజులు కోయడం మరిచినా కాయ ముదిరి, కత్తికి లొంగని పీచుగా మారుతోంది. ఇరుగుపొరుగుకు పంచగా మిగిలినవాటిని, నవంబరులో మంచు పట్టి మొక్కలు చచ్చిపోయాక వండుకోవడానికి దాచుకోవాలని మా ఆలోచన.

పోయిన ఏడాది కాయలను కడిగి, చక్రాలుగా తరిగి, పచ్చివే సంచుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. రెండు నెలల తరువాత తీసి చూస్తే ముక్కలన్నీ ఒకే గడ్డగా అతుక్కుపోయి ఉన్నాయి. మూకుడులో వేయగానే నీరు వదిలి, వేపుడు కావలసినది జిగురు ముద్దయింది. తడి పూర్తిగా ఆరకముందే తరగడం నా పొరపాటేనని ఇప్పుడు అనిపిస్తోంది. (మా అత్తగారు ఆ మాట అప్పుడే అన్నారు.)

ఈసారి లేత కాయలను మాత్రమే ఏరి, లోపలి గింజలు బయటపడకుండా తొడిమలు తీసి, మరిగే నీళ్లలో 3 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో చల్లార్చి, గుడ్డపై ఆరబెట్టి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించిన తరువాతే సంచుల్లోకి ఎత్తాలనుకుంటున్నాను. పులుసుకు ఈ పద్ధతి సరిపోతుందనే నా నమ్మకం. అయితే వేపుడుకు కూడా ఇలాగే చేయవచ్చా, లేక తరిగిన ముక్కలను కొద్ది నూనెలో జిగురు పోయేదాకా వేయించి, చల్లారాక నిల్వ చేయడం మేలా? వండేటప్పుడు గడ్డకట్టిన ముక్కలను నేరుగా వేడి నూనెలో వేయాలా, ముందుగా కరగనివ్వాలా? స్వయంగా చేసి చూసినవారు దయచేసి తెలుపగలరు.