పాడినవాడా, పాడుకున్నవాడా?

అమలాపురం: ఒక పాదం రెండు రోజులుగా నాలుక చివర ఆడుతోంది. "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు" ముందు ఏముంది? పొలం గుత్తకు పట్టడానికి శ్రీనాథుడు వాడిన మాట కావాలి. పదిమంది వాడుకునే కంప్యూటర్ల సమయాన్ని వేలంలో పంచే పద్ధతుల మీద పేటెంట్ తగాదాల గురించి రాస్తున్నాను. 'బిడ్'కి 'పాట' అని పెట్టాను గానీ మనసొప్పడం లేదు.

రావులపాలెం: "బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి". గొడ్డు నేల ఏరుకున్నాడని నా అర్థం.

కాకినాడ: గొడ్డు నేలైతే తిలలు, పెసలు ఎక్కడివండీ మాస్టారూ? బిలబిలాక్షులు, అంటే పిట్టలు, తినిపోయాయని ఆయనే చెప్పాడు కదా. 'గొడ్డేరి'ని విడదీయకూడదు. గుత్త మాటే అది.

నరసాపురం: పాట సరిపోదండీ. మా దగ్గర రేవు పాడుకున్నవాడు పాడినంతా కట్టాలి. 2009లో అమెజాన్ స్పాట్ మిషన్లు, అంటే ఖాళీగా ఉన్న కంప్యూటర్లను అద్దెకివ్వడం, మొదలుపెట్టినప్పుడు మనం చెప్పేది గరిష్ఠ ధర, కట్టేది అప్పటి మార్కెట్ ధర. అది మన మాట దాటితే మిషన్ వెనక్కి తీసుకునేవారు. క్లెయిములో, అంటే పేటెంట్ హక్కు ఎంతవరకో చెప్పే వాక్యంలో, 'బిడ్' అంటే కట్టే ధరా, ఒప్పుకునే హద్దా? తగాదా అంతా అక్కడే.

కాకినాడ: అంత తేడా లేదు. మా నాన్నగారు చెరువు పాటకి మనసులో లక్ష పెట్టుకెళ్ళారు. అవతలాయన అరవై రెండు వేల దగ్గర తల దించేశాడు. అరవై మూడు వేలకి నాన్నగారి పేర పాట కొట్టేశారు. లక్ష ఆయన నోట రానేలేదు. 1961లో ఆర్థికవేత్త విక్రీ రాసిన రెండో ధర వేలం, అంటే గెలిచినవాడు తన తర్వాతివాడి ధరే కట్టే వేలం, దీనికి చుట్టమే.

రావులపాలెం: 'పాడుకున్నవాడు'లో ఆ 'కు'ని చూడండి. పాడినవాళ్ళు పదిమంది, పాడుకున్నవాడు ఒక్కడు. క్లెయిములో అది జారితే హక్కు పరిధే మారిపోతుంది.

అమలాపురం: ఇది రాసుకున్నాను. 1968లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవన్ సదర్లాండ్ హార్వర్డ్‌లోని పీడీపీ-1 అనే కంప్యూటర్ సమయాన్ని వేలం వేసే తీరు అచ్చు వేయించాడు. 'యెన్' అనే లెక్కల డబ్బుతో పాడేవారట. కొత్త పద్ధతి కనిపెట్టామనేవాళ్ళ ముందు ఆ వ్యాసం పెడితే, 'పాడటం' అప్పటికే ఉంది. ఇక 'పాడుకోవడం'లో కొత్తేముందో వాళ్ళే చూపించాలి.

కాకినాడ: బాగుంది. కానీ గొడ్డేరిని నేను వదలను. రాజమహేంద్రవరంలో రెడ్డిరాజుల కొలువు చూసినవాడు గొడ్డు నేల ఏరుకుంటాడా? గుత్త పెంచేసి ఇరుక్కున్నాడు, కృష్ణమ్మ మీద పడింది.

రావులపాలెం: ఏరుకున్నాడనే అంటాను. 'డ్డే' దగ్గర ఒక్క క్షణం ఆగి చదవండి.